జైలు ఖర్చు తగ్గితే దొంగలు పెరుగుతారా? షుగర్‌ల్యాండ్ పాఠకుడికి జవాబు

ప్రశ్న: నమస్కారం. మేము అమెరికాలో, టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో స్థిరపడ్డ గుంటూరు వాళ్లం. ఒక గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని చిన్న స్టోరు నడుపుతున్నాం. నిరుడు ఒక రాత్రి స్టోరు మూసి ఉండగా అద్దం పగలగొట్టి సిగరెట్ కార్టన్లు, లాటరీ టికెట్లు ఎత్తుకుపోయారు. అద్దంతో కలిపి మూడు వేల డాలర్ల దాకా నష్టం. కుర్రాడు దొరికాడు. తీరా చూస్తే జడ్జి గారు అతన్ని జైలుకు పంపకుండా ప్రొబేషన్ ఇచ్చారు, అంటే బయటే ఉండి షరతులు పాటించమన్నారు. మన వాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా ఒకటే మాట: ప్రభుత్వం డబ్బు మిగుల్చుకోవడానికి దొంగలను వదిలేస్తోందని. మొన్న రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్న ఒకాయన చందా కోసం వచ్చి, జైళ్ల ఖర్చు తగ్గిస్తాను, భద్రత పెంచుతాను అన్నాడు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఇది చాలదన్నట్టు, మా స్టోరుకు వచ్చే పాస్టర్ గారొకరు, డ్రగ్స్ కేసులో మూడేళ్లు జైల్లో ఉండి పెరోల్ మీద, అంటే శిక్ష పూర్తి కాకముందే షరతులతో, బయటికి వచ్చిన ఒకతన్ని పనిలో పెట్టుకోమంటున్నారు. మాకు మనుషుల కొరత ఉంది, కానీ మా ఆవిడ ససేమిరా అంటోంది. ఆయనకు చందా ఇవ్వాలా? ఇతనికి ఉద్యోగం ఇవ్వాలా? పేరు వేయకండి.

జవాబు: ముందు మీ పగిలిన అద్దం సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో ఇంకా వేడి చల్లారనిది అదే.

మూసి ఉన్న దుకాణంలోకి చొరబడి దొంగతనం చేయడం టెక్సస్ చట్టంలో ‘స్టేట్ జైలు ఫెలనీ’, అంటే పెద్ద నేరాల్లో (ఫెలనీల్లో) అట్టడుగు మెట్టు. శిక్ష 180 రోజుల నుంచి రెండేళ్ల దాకా. ఇంట్లోకి చొరబడితే అంతకన్నా పెద్ద నేరం. మీది దుకాణం కాబట్టి ఈ మెట్టు. ఈ స్టేట్ జైళ్లను 1990లలో చిన్న నేరాల వాళ్ల కోసం, చికిత్స, చదువు చెప్పించి పంపాలన్న ఉద్దేశంతో మొదలుపెట్టారు. ఉద్దేశం కాగితం మీదే ఉండిపోయింది, గోడలు మాత్రం లేచాయి. ఇందులో ఒక తిరకాసు ఉంది: ఈ శిక్షకు పెరోల్ లేదు. వేసిన రోజుల్లో చాలా భాగం లోపలే గడిపి, గేటు దాటిన రోజు నుంచి ఆ మనిషిని అడిగే నాథుడు ఉండడు. నెలనెలా హాజరు లేదు, డ్రగ్ పరీక్ష లేదు, పనిలో ఉన్నాడా లేదా అని కనుక్కునే అధికారి లేడు.

మరి మీ మూడు వేలు? టెక్సస్ జైళ్లలో ఖైదీ చేసే పనికి కూలి ఇవ్వరు. పైసా సంపాదన లేనివాడు మీ అద్దం డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? ప్రొబేషన్‌లో ఉన్నవాడు పని చేసుకోవాలి, నెలనెలా పర్యవేక్షణ రుసుము కట్టాలి, కోర్టు ఆదేశిస్తే బాధితుడికి పరిహారం కూడా కట్టాలి. కట్టకుండా తిరిగితే జడ్జి ముందుకు మళ్లీ వెళ్లాల్సిందే. మీ కేసులో పరిహారం రాయించారా లేదా అన్న ఊసే మీ ఉత్తరంలో లేదు. కౌంటీ (మన జిల్లా లాంటిది) డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వ వకీలు, కార్యాలయంలో బాధితుల సహాయానికి మనిషి ఉంటారు. చందా సంగతి ఆలోచించే ముందు ఆ ఫోను చేయండి. ఆదేశంలో పరిహారం ఉందా, ఉంటే ఎంత కట్టాడు అని అడగండి.

ఇప్పుడు లెక్క. శాసనసభ బడ్జెట్ బోర్డు వేసిన అంచనాల ప్రకారం 2010ల చివర్లో టెక్సస్ జైల్లో ఒక మనిషిని ఉంచడానికి రోజుకు సుమారు 60 డాలర్లయ్యేది. ఈమధ్య ఇంకా పెరిగింది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి మీద రాష్ట్రం రోజుకు పెట్టేది నాలుగు డాలర్లలోపు. అంటే మీ కుర్రాణ్ని ఏడాది లోపల పెడితే దాదాపు 22 వేల డాలర్లు. మూడు వేల దొంగతనానికి 22 వేలు ఖర్చుపెట్టి, ఆ మూడు వేలూ మీకు చేరకుండా చేసి, చివరికి ఏ నిఘా లేకుండా ఊరి మీదికి వదలడం. దీన్నే మన వాళ్లు కఠినం అంటున్నారు. డబ్బు ఎవరిదంటారా? టెక్సస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. మీరు ప్రతి కోకా కోలా డబ్బా మీద వసూలు చేసి పంపే సేల్స్ ట్యాక్సే ఆ ఖజానాలో పెద్ద వాటా.

జైలు అక్కర్లేదని నేను అనడం లేదు. అదే కుర్రాడు తుపాకీ చూపించి మీ గల్లాపెట్టె తెరిపించి ఉంటే అది మొదటి స్థాయి ఫెలనీ, 5 ఏళ్ల నుంచి 99 ఏళ్ల దాకా లేదా యావజ్జీవం. అలాంటివాడికి లోపల చోటు ఉండాలి. చోటు ఉండాలంటే ఆ చోటును సిగరెట్ దొంగలతో నింపకూడదు. అభ్యర్థి గారు చెప్పిన రెండు మాటలు కలిసేది ఇక్కడే. కాకపోతే ఆయన అంత తేలిగ్గా చెప్పేశారు కానీ, పని అంత తేలిక కాదు.

ఇది మీ రాష్ట్రంలోనే ఒకసారి జరిగింది. 1990లలో టెక్సస్ జైళ్లు కట్టుకుంటూ పోయింది. దశాబ్దం మొదట్లో 50 వేలున్న ఖైదీలు చివరికి లక్షన్నర దాటారు. 2007లో బడ్జెట్ బోర్డు ఇంకో అంచనా వేసింది: 2012 నాటికి మరో 17 వేలకు పైగా పడకలు కావాలి, కట్టి నడపడానికి సుమారు 200 కోట్ల డాలర్లు. అప్పుడు శాసనసభలో జైళ్ల కమిటీకి అధ్యక్షుడు జెర్రీ మ్యాడెన్. రిపబ్లికన్, వృత్తిరీత్యా ఇంజనీరు, ఈనాడు మన వాళ్లతో నిండిపోయిన ప్లేనో నుంచి గెలిచినవాడు. కొత్త జైళ్లు కట్టొద్దు, ఖర్చు భరించలేం అని స్పీకర్ టామ్ క్రాడిక్ ఆయనకు ముందే చెప్పేశారు. సెనేట్‌లో అదే బాధ్యత చూసింది డెమోక్రాట్ జాన్ విట్‌మైర్. 2024 నుంచి మీ పక్కనున్న హ్యూస్టన్‌కు మేయర్ ఆయనే. ఇద్దరూ మెతక మనుషులని పేరున్నవాళ్లు కారు. మ్యాడెన్ దీన్ని దయాధర్మం లెక్కన కాకుండా గొట్టంలో నీళ్ల లెక్కన చూశాడు: లోపలికి వచ్చేవాళ్లెవరు, బయటికి పోలేకపోతున్నవాళ్లెవరు?

వచ్చేవాళ్లలో పెద్ద భాగం ప్రొబేషన్ రద్దయినవాళ్లు. అందులో కొత్త నేరం చేసినవాళ్లతో పాటు, అపాయింట్‌మెంట్ తప్పినవాళ్లు, డ్రగ్ పరీక్షలో దొరికినవాళ్లు, రుసుము కట్టలేనివాళ్లు చాలామంది. జడ్జి ముందున్న దారులు రెండే: మళ్లీ మందలించి వదలడం, లేదా ఏళ్ల తరబడి జైలుకు పంపడం. మధ్యలో ఏమీ లేదు. ఇక బయటికి పోలేనివాళ్ల కథ ఇంకా విచిత్రం. చికిత్స పూర్తి చేస్తే విడుదల చేస్తామని పెరోల్ బోర్డు చెప్పినవాళ్లు, ఆ చికిత్సలో సీటు దొరక్క నెలల తరబడి వరుసలో కూర్చుని రోజుకు అన్ని డాలర్లు మింగుతున్నారు. చికిత్స సీటు మీద మిగుల్చుకున్న డబ్బును జైలు పడక మీద పోశారన్న మాట.

ఆ ఏడాది శాసనసభ కొత్త జైళ్ల ఆలోచన పక్కనపెట్టి 24 కోట్ల 10 లక్షల డాలర్లు ఈ మధ్య దారి మీద పెట్టింది: డ్రగ్స్, తాగుడు మాన్పించే కేంద్రాలు, షరతు తప్పినవాణ్ని కొన్ని వారాలో నెలలో మాత్రమే బంధించి ఉంచే కేంద్రాలు, విడుదలయ్యాక ఉండే హాఫ్‌వే ఇళ్లు, జైల్లోనే చికిత్స. రావాల్సిన ఆ 17 వేల మంది రాలేదు. సంఖ్య కొన్నేళ్లు ఉన్నచోటే నిలిచి, తర్వాత దిగింది. 2011లో టెక్సస్ చరిత్రలో తొలిసారిగా, బదులు కట్టకుండా, ఒక జైలు మూసేశారు.

ఆ జైలు ఎక్కడుందో తెలుసా? మీ ఊళ్లోనే, షుగర్‌ల్యాండ్ విమానాశ్రయం పక్కన. సెంట్రల్ యూనిట్ అనేవారు. మీ ఊరికి ఈ విషయంలో పాత చరిత్ర కూడా ఉంది. అంతర్యుద్ధం తర్వాత రాష్ట్రం తన ఖైదీలను చెరకు తోటల యజమానులకు అద్దెకిచ్చి డబ్బు చేసుకుంది. 2018లో మీ దగ్గర బడి కడుతూ తవ్వితే బయటపడ్డ 95 మంది నల్లజాతీయుల ఎముకలు ఆ కాలానివే. ఒకప్పుడు ఖైదీ మీద రాష్ట్రం సంపాదించింది, తర్వాత ఖైదీ కోసం అప్పులు చేసింది. రెండు కాలాల్లోనూ ఆ ఊరి దుకాణదారు భద్రత ఎవరి లెక్కలోనూ మొదటి వరుసలో లేదు.

2007 తర్వాతి దశాబ్దంలో టెక్సస్‌లో నేరాల రేటు తగ్గింది. దీన్ని పట్టుకుని సంస్కరణవాదులు ఊరూరా డప్పు కొట్టారు. నేను అంత దూరం పోను. అదే కాలంలో జైళ్లు తగ్గించని రాష్ట్రాల్లోనూ నేరాలు తగ్గాయి. గట్టిగా చెప్పగలిగేది ఒకటే: 17 వేల పడకలు కట్టకపోయినా మీ మీద ఆకాశం విరిగి పడలేదు. ‘దొంగలను వదిలేస్తున్నారు’ అనే మిత్రులకు ఈ ఒక్క మాట చాలు. ఖైదీల సంఖ్య కోవిడ్ కాలంలో బాగా తగ్గి మళ్లీ పెరుగుతోంది కూడా, ఆ సంగతీ వాళ్లకు చెప్పండి.

ఇక మీ కూడళ్లలో తిరిగే ఇంకో మాట గురించి. 2,500 డాలర్లలోపు దొంగతనం చేస్తే టెక్సస్‌లో ఏమీ చేయరట అని మీ దాకా వచ్చే ఉంటుంది. 2015లో శాసనసభ ఫెలనీ గీతను 1,500 నుంచి 2,500కు జరిపిన మాట నిజం. ఆ గీత కింద ఉన్నవి నేరాలు కాకుండా పోలేదు. 750 నుంచి 2,500 దాకా అయితే కౌంటీ జైల్లో ఏడాది వరకూ, 4,000 డాలర్ల వరకు జరిమానా. 100 నుంచి 750 దాకా అయితే ఆర్నెల్ల వరకూ. అంతకుముందే రెండుసార్లు దొంగతనం రుజువైనవాడు ఎంత చిన్నది ఎత్తుకుపోయినా అది ఫెలనీ. తమాషా ఏమిటంటే, దొంగల స్వర్గమని మన వాళ్లు తిట్టిపోసే కాలిఫోర్నియాలో ఆ గీత 950 డాలర్లే. అంటే కాలిఫోర్నియా చట్టం కాగితం మీద టెక్సస్ కంటే కఠినం!

మరి అక్కడ గొడవెందుకయింది? 2014లో ప్రజల ఓటుతో వచ్చిన 47వ ప్రతిపాదన చిన్న దొంగతనాలను, డ్రగ్స్ వాడకాన్ని ఫెలనీ కాకుండా చేసింది, కానీ మళ్లీ మళ్లీ దొరికేవాడికి వేరే లెక్క పెట్టలేదు. రోజూ ఒకే మనిషి వచ్చి షెల్ఫు ఊడ్చుకుపోతుంటే, అతను దొరికినా మళ్లీ రేపు వస్తాడని తెలిసిన దుకాణదారుకు గణాంకాలు ఏం ఓదార్పు? 2024లో అదే ప్రజలు భారీ ఆధిక్యంతో 36వ ప్రతిపాదనకు ఓటేసి కొంత వరకు వెనక్కి తిప్పారు. మీ పొరుగు లూసియానాలో 2017లో రెండు పార్టీలూ కలిసి తెచ్చిన సంస్కరణను 2024లో తిరగదోడారు. ఆ ఆగస్టు తర్వాత చేసిన నేరాలకు పెరోల్ దాదాపు లేకుండా చేశారు. సంస్కర్తల మీద నా ఫిర్యాదు ఇదే. ఖైదీ గురించి వందల పేజీలు రాస్తారు, అద్దం పగిలిన మనిషిని పలకరించరు. ఆ మనిషి ఓటు వేసే రోజు వచ్చినప్పుడు ఆశ్చర్యపోతారు.

మీకు నిజంగా కోపం రావలసిన అంకె ఒకటి చెబుతాను. 2019లో ఎఫ్‌బీఐ లెక్కల ప్రకారం, అమెరికా అంతటా ఇళ్లలో, దుకాణాల్లో చొరబడి చేసిన దొంగతనాల్లో పోలీసులు తేల్చినవి సుమారు 14 శాతం. దోపిడీల్లో 30 శాతం. మీ కుర్రాడు దొరికాడు చూడండి, అది అదృష్టం. ఏడుగురిలో ఆరుగురు దొరకరు. దొరకనివాడికి రెండేళ్లు వేస్తే ఏమిటి, ఇరవై ఏళ్లు వేస్తే ఏమిటి? శిక్ష ఎంత పొడవు అన్నదాని కంటే దొరుకుతామన్న భయం ఎక్కువ పని చేస్తుందని నేరశాస్త్రం చదివినవాళ్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. 2014లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక కూడా శిక్షల పొడవు పెంచుకుంటూ పోవడం భయపెట్టడానికి పనికొచ్చే దారి కాదనే తేల్చింది. జైలు మీద మిగిలిన డబ్బులో కొంత వేలిముద్రలు తీసే మనిషికి, కెమెరా ఫుటేజీ చూసే డిటెక్టివ్‌కు పోతే మీ స్టోరుకు ఉపయోగం. ఆ పని మీద అభ్యర్థుల కరపత్రాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు.

చెప్పినంత సులువుగా అన్నీ పారవని కూడా తెలియాలి. హవాయిలో స్టీవెన్ ఆల్మ్ అనే జడ్జి 2004లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు: ప్రొబేషన్‌లో తప్పు చేస్తే నెలల తర్వాత పెద్ద శిక్ష కాకుండా వెంటనే రెండు మూడు రోజుల జైలు. అక్కడ ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. దేశమంతా ఎగబడింది. తర్వాత నాలుగు కౌంటీల్లో పకడ్బందీగా పరీక్షించి చూస్తే, అందులో ఒకటి మీ రాష్ట్రంలో ఫోర్ట్‌వర్త్ ఉన్న టారంట్ కౌంటీయే, మామూలు ప్రొబేషన్‌కు దీనికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పద్ధతి కంటే జడ్జి గట్టివాడని కొందరు, ఇంకేదో అని కొందరు. ఏదేమైనా, ఎక్కడో పని చేసిందని ఎవరైనా చెబితే వెంటనే చెక్కు రాయకండి.

ఇప్పుడు ఆ అభ్యర్థి. ‘ఖర్చు తగ్గిస్తా’ అన్నాడు కదా, ఎలా అని అడగండి. మన వాళ్లలో మోటెళ్లు నడిపేవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు: పది గదులు ఖాళీగా ఉంటే దుప్పట్లు ఉతికే ఖర్చు తగ్గుతుంది, సిబ్బంది జీతాలు, అప్పు వాయిదాలు తగ్గవు. జైలూ అంతే. వంద మంది తగ్గితే మిగిలేది తిండి, మందుల ఖర్చు. రోజుకు 60 డాలర్లు పూర్తిగా మిగలాలంటే ఒక యూనిట్‌కు తాళం వేయాలి. తాళం వేయాలంటే ఆ జైలు మీద బతికే చిన్న ఊరి ఉద్యోగాల గురించి మాట్లాడాలి, ఆ ఊరి శాసనసభ్యుడితో తగవు పడాలి. ఈమధ్య టెక్సస్ కొన్ని యూనిట్లను ఖాళీ చేసింది, అయితే అది కాపలా సిబ్బంది దొరక్క చేసిన పని. ఏ జైలు మూస్తావు అని అడిగినప్పుడు మీ అభ్యర్థి నీళ్లు నమిలితే ఆయన పొదుపు మాట ఎన్నికల దాకానే.

రెండో మాట కూడా అడగండి, ఇది ఇంకా ముఖ్యం. కౌంటీ జైల్లో ఉన్న మనిషి ఖర్చు మీ ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుంది. అదే మనిషిని రాష్ట్ర జైలుకు పంపితే ఖర్చు రాష్ట్రానిది, కౌంటీకి ఉచితం. ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చే జడ్జిని, ప్రాసిక్యూటర్‌ను ఎన్నుకునేది మాత్రం కౌంటీ ప్రజలు. ఉచితంగా దొరికేదాన్ని పొదుపుగా వాడేవాళ్లు ఎవరు? కాలిఫోర్నియా 2009లో దీనికి ఒక మందు కనిపెట్టింది: ప్రొబేషన్‌లో తప్పేవాళ్లను తక్కువగా జైలుకు పంపిన కౌంటీకి, రాష్ట్రానికి మిగిలిన డబ్బులో వాటా. ఒహాయో బాలనేరస్తుల విషయంలో 1990ల నుంచే ఇలాంటి పని చేస్తోంది. మిగిలిన డబ్బు మన కౌంటీకి ఏ పద్దు కింద వస్తుంది, అందులో చికిత్స సీట్లకెంత, దర్యాప్తుకెంత అని అడిగితే, సరుకున్న అభ్యర్థి కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంటాడు. సరుకు లేనివాడు ఫొటో దిగి వెళ్తాడు. చందా ఎవరికివ్వాలో మీకే తెలిసిపోతుంది.

ఇక అసలు చిక్కు, ఆ పెరోల్ మనిషి.

మీ ఆవిడ మాటను ఉత్త భయమని తోసేయకండి. అంకెలు ఆమె వైపే ఉన్నట్టు కనిపిస్తాయి. 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైనవాళ్లను వెంబడించి చూస్తే మూడేళ్లలో 68 శాతం మంది ఏదో ఒక కారణంతో మళ్లీ అరెస్టయ్యారు. మొదటి ఏడాదిలోనే 44 శాతం. టెక్సస్‌లో మూడేళ్లలోపు తిరిగి జైలుకు వెళ్లేవాళ్లు సుమారు ఐదో వంతే అని అభ్యర్థులు చెబుతారు. రెండూ నిజమే, రెండూ వేర్వేరు కొలతలు. అరెస్టు వేరు, తిరిగి జైలు వేరు. ఎవరైనా మీ ముందు అంకె పెడితే అది ఏ కొలతో ముందు అడగండి. మనకు పనికొచ్చేది ఆ మొదటి ఏడాది సంగతి. టెక్సస్ జైలు గేటు దగ్గర మనిషి చేతిలో పెట్టేది 100 డాలర్లకు మించదు. పెరోల్ షరతుల ప్రకారం పని వెతుక్కోవాలి, పని ఇచ్చేవాళ్లు ఉండరు. ఆ మొదటి ఏడాదిలో జీతం చెక్కు ఉన్నవాడు, లేనివాడు ఒకే మనిషి కారు.

మన వైపు దీనికి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ చంచల్‌గూడ దగ్గర తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకు నడుపుతోంది. పంపు పట్టుకుని పెట్రోలు కొట్టేవాళ్లలో శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు, విడుదలైనవాళ్లు ఉంటారు. జనం క్యూ కట్టి పోయించుకుంటారు. మీదీ అదే వ్యాపారం. అయితే అక్కడ వెనక ఒక ప్రభుత్వ శాఖ ఉంది, మీ వెనక మీరిద్దరే ఉన్నారు. కాబట్టి జాగ్రత్తలు మీరే కట్టుకోవాలి.

అతని నేరం ఏమిటో పాస్టర్ గారి మాట మీద కాకుండా కాగితం మీద చూడండి. టెక్సస్ పబ్లిక్ సేఫ్టీ విభాగం వెబ్‌సైట్లో కొద్దిపాటి రుసుముతో శిక్షల రికార్డు దొరుకుతుంది. ఇది ఎందుకంటే 2013లో వచ్చిన ఒక చట్టం మీలాంటి యజమానికి రక్షణ ఇస్తుంది: శిక్ష పడ్డ మనిషిని పనిలో పెట్టుకున్నాడన్న ఒక్క కారణంతో మీ మీద దావా వేయడం కుదరదు. ఆ రక్షణకు మినహాయింపులున్నాయి. హింసాత్మక, లైంగిక నేరాలకు వర్తించదు. మీరు ఇచ్చే పనిలాంటి పనిలో ఉండగానే చేసిన నేరమైతే వర్తించదు. అంటే అతను ఇంతకుముందు ఎవరి గల్లాపెట్టెలోనో చేయి పెట్టి జైలుకు వెళ్లి ఉంటే మీ గల్లాపెట్టె దగ్గర నిలబెట్టొద్దు. డ్రగ్స్ దగ్గర ఉంచుకున్న కేసు ఒక్కటే అయితే ఆలోచించవచ్చు. ఒకసారి ఈ ఒక్క విషయానికి వకీలుకు గంట ఫీజు ఇచ్చినా నష్టం లేదు.

జైల్లో ఏం చదివాడో అడగండి. టెక్సస్ జైళ్లలో బడి నడిపేది వింధమ్ స్కూల్ డిస్ట్రిక్ట్. హైస్కూలు సర్టిఫికెట్టో, ఏదైనా వృత్తి సర్టిఫికెట్టో తెచ్చుకుని ఉంటే అది మంచి గుర్తు. జైల్లో చదివినవాళ్లు తిరిగి నేరంలోకి వెళ్లే అవకాశం బాగా తక్కువని, అక్కడ చదువు మీద పెట్టిన ప్రతి డాలరుకు నాలుగైదు డాలర్లు తిరిగి జైలు ఖర్చులో మిగులుతాయని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2013లో లెక్క తేల్చింది. చదువుకోవాలని పేరిచ్చినవాడు మొదటి నుంచే కొంచెం వేరేగా ఉండి ఉండవచ్చు, ఆ మాటా నిజమే. మీకు కావలసింది కూడా ఆ వేరేగా ఉన్న మనిషే కదా.

ఇంకొకటి, మన వ్యాపారుల్లో చాలామందికి తెలియనిది. కేంద్ర కార్మిక శాఖ 1966 నుంచి ‘ఫెడరల్ బాండింగ్’ అని ఒక పథకం నడుపుతోంది. ఇలాంటి ఉద్యోగిని పెట్టుకుంటే మొదటి ఆరు నెలలకు 5,000 డాలర్ల బాండు ఇస్తారు. ఉద్యోగి దొంగతనం చేసి మీకు నష్టం తెస్తే అది పూడుస్తుంది. మీకు పైసా ఖర్చు లేదు. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ కార్యాలయంలో అడిగితే చెబుతారు. మీ ఆవిడ ముందు పెట్టాల్సిన కాగితం ఇదే, నా ఉపన్యాసం కాదు. విడుదలైన ఏడాదిలోపు పెట్టుకుంటే 2,400 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇచ్చే పథకం కూడా ఉండేది. దాన్ని 2025 చివరి వరకే అనుమతించారు కాబట్టి, పొడిగింపు సంగతి మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏతో తేల్చుకున్నాకే లెక్కలో వేసుకోండి.

అతని పెరోల్ అధికారి నంబరు తీసుకుని నేరుగా మాట్లాడండి. షరతుల కాగితం చూపించమనండి. రాత్రి ఇన్ని గంటలకల్లా ఇంట్లో ఉండాలని ఉంటే మీ అర్ధరాత్రి షిఫ్టు కుదరదు. మద్యం దగ్గరికి వెళ్లరాదని ఉంటే బీరు కూలర్ ఉన్న కౌంటర్ కూడా కుదరదు. పంపులు, స్టాకు గది, పార్కింగ్ శుభ్రం, సరుకు దింపడం ఇవ్వండి. పెరోల్ అధికారిని కలవాల్సిన రోజున జీతం కోయకుండా పంపండి, లేకపోతే మీ షిఫ్టు కోసం అతను షరతు తప్పి, చివరికి నేను పైన చెప్పిన ఆ 22 వేల డాలర్ల లెక్కలోకి వెళ్తాడు.

మీ ఆవిడ ఒంటరిగా ఉండే వేళల్లో మొదటి కొన్ని నెలలు అతనికి షిఫ్టు వేయకండి. అతని మీద అనుమానంతో అని కాదు, ఆమె ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి. పగటి షిఫ్టుతో, గంట జీతంతో, మిగతా ఉద్యోగులకున్న నియమాలతోనే మొదలుపెట్టండి. జీతం తగ్గించి ఇవ్వొద్దు. గతిలేనివాడు ఎంతకైనా వస్తాడన్న ఆలోచన మన వ్యాపారుల్లో కొందరికుంది, అది మానండి. మూడు నెలల తర్వాత ఉంచాలా వద్దా అన్న మాట మీ ఆవిడను చెప్పమనండి.